ఇంటి గ్యారేజీలో మస్టాంగ్ జీటీకి సూపర్‌చార్జర్: సన్నాహం, బిగింపు, లోపాల పరిష్కారం

డాలస్ చుట్టుపక్కల మస్టాంగ్ జీటీ నడిపే తెలుగువాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే: సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా నెట్టి శక్తి పెంచే పరికరం) కిట్ తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకోవచ్చా? బిగించుకోవచ్చు. నా 2016 కారుకు నేనే బిగించుకున్నాను. ఆ తర్వాత ఇద్దరు మిత్రుల కార్లకు దగ్గరుండి చేయించాను. అయితే ఫోనులో ఐదు నిమిషాల్లో చెప్పి ముగించే పని కాదు కనుక, అడిగినవాళ్లందరి కోసం మొదటి నుంచి వరుసగా రాస్తున్నాను.

బోల్టులు విప్పడం, బిగించడం ఇందులో తేలికైన భాగం. బిగించిన తొలి వారంలో, లాగ్ (ఇంజన్ సెన్సర్ల అంకెల రికార్డు) చూడకుండా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే ఎక్కువ ఇంజన్లు పోతాయి. అందుకే ఇక్కడ పరీక్షల గురించి ఎక్కువగా రాశాను.

1. ఏ కారు, ఏ రకం కిట్

నేను చెబుతున్నది 2015-2017 మస్టాంగ్ జీటీ గురించి. 5.0 లీటర్ల కొయోటీ వీ8 ఇంజన్, కంప్రెషన్ నిష్పత్తి 11:1, ఫ్యాక్టరీ శక్తి 435 హార్స్‌పవర్. 2018 నుంచి వచ్చిన ఇంజన్లలో కంప్రెషన్ 12:1, డైరెక్ట్ ఇంజెక్షన్ కూడా చేరింది. వాటి కిట్, ట్యూన్ (ఇంజన్ కంప్యూటర్‌లో ఎక్కించే ప్రోగ్రాం) వేరు. దీన్ని వాటికి అన్వయించకండి.

కిట్ విషయానికొస్తే, ఇంటేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే భాగం) స్థానంలో ఇంజన్ నడినెత్తిన కూర్చునే, ఈటన్ కంపెనీ తయారుచేసే టీవీఎస్ రకం సూపర్‌చార్జర్ తీసుకుంటున్నాను. దాని రోటార్ల గేర్ల నూనె దానిలోనే సీలు చేసి ఉంటుంది. ఇంజన్ నుంచి నూనె గొట్టం లాగే పని ఉండదు. గాలిని చల్లబరచడానికి దానికి సొంతంగా నీటి ఇంటర్‌కూలర్ ఉంటుంది. ఈ కారుకు రౌష్ సంస్థ ఇచ్చిన మొదటి దశ కిట్ 600 హార్స్‌పవర్, రెండో దశ 670 ఇచ్చాయి. లోపలి భాగాలు మార్చని ఇంజన్‌కు ఆ మొదటి అంకెనే హద్దుగా పెట్టుకోమని నా సలహా.

దానికి కారణం ఉంది. ఈ తరం ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్లు, ఆయిల్ పంపు గేర్లు లోహపు పొడిని అచ్చుపోసి చేసినవి. రోజువారీ వాడకానికి దిట్టమైనవే. కానీ బూస్టు (సూపర్‌చార్జర్ నెట్టే అదనపు గాలి ఒత్తిడి) పెంచి, ఇంజన్‌ను పదేపదే రెవ్ లిమిటర్ దాకా, అంటే దాని గరిష్ఠ వేగపు హద్దు దాకా తీసుకెళితే ఆయిల్ పంపు గేర్లు పగిలే ప్రమాదం ఉంది. అవి పగిలిన క్షణాన నూనె ఒత్తిడి పోతుంది, దానితో ఇంజన్ కూడా పోతుంది. ట్రాక్‌లో తిప్పే ఉద్దేశం ఉంటే బిల్లెట్ గేర్లు (ఉక్కు దిమ్మె నుంచి కోసి చేసినవి) వేయించుకోండి. ముందు టైమింగ్ కవరు విప్పాలి కనుక అది పెద్ద పనే.

2. కొనే ముందు తేల్చుకోవాల్సినవి

పెట్రోలు: టెక్సస్‌లో 93 ఆక్టేన్ దాదాపు ప్రతి బంకులో దొరుకుతుంది. కాలిఫోర్నియాలో మామూలుగా దొరికే ప్రీమియం 91 మాత్రమే. ట్యూన్ ఫైలు మీరు నిజంగా పోసే పెట్రోలుకు తగినదై ఉండాలి. 93కు రాసిన ఫైలుతో 91 పోసి నడిపితే నాక్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలడం) తప్పదు.

చట్టం: కాలిఫోర్నియాలో రోడ్డు మీద నడపాలంటే కిట్‌కు ఆ రాష్ట్ర వాయు వనరుల మండలి ఇచ్చే మినహాయింపు సంఖ్య ఉండాలి, ఆ స్టిక్కర్ బానెట్ కింద అంటించాలి. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి భద్రతా తనిఖీ తీసేసినా, డాలస్, కాలిన్, డెంటన్, టారంట్, హారిస్ వంటి కొన్ని కౌంటీల్లో ఉద్గారాల పరీక్ష ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పడం మరువకండి.

హైదరాబాద్ నుంచి కూడా కొందరు అడిగారు. వాళ్లకు నా జవాబు సూటిగా చెబుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు. రోడ్డు మీద తిరిగే బండికి ఈ పని పెట్టుకోకండి. ట్రాక్ కోసమే అయితే ఆక్టేన్ అంకెల తేడా గమనించండి. భారత్‌లో బంకు మీద రాసేది రాన్ కొలత, అమెరికాలో రాసేది వేరే కొలత. అమెరికా 93 అంటే మన లెక్కలో సుమారు 98. మన మామూలు 91 పెట్రోలు అమెరికా 87కు దగ్గరగా ఉంటుంది. దానితో సూపర్‌చార్జర్ నడపాలన్న ఆలోచనే వద్దు.

క్లచ్: మాన్యువల్ కారైతే ఫ్యాక్టరీ క్లచ్ ఈ శక్తిని ఎక్కువ కాలం మోయదు. ఇప్పటికే కాస్త జారుతున్నట్టు అనిపిస్తే, బూస్టు వచ్చిన రోజే చేతులెత్తేస్తుంది. దాని ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

3. ఇంజన్ ఆరోగ్యం చూడండి

ఈ మెట్టు దాటేసినవాళ్లు తర్వాత లోపం కిట్‌దా, ఇంజన్‌దా తెలియక తల పట్టుకుంటారు. కిట్ పెట్టె తెరవకముందే ఇవి కాగితం మీద రాసి పెట్టుకోండి:

- ఎనిమిది సిలిండర్ల కంప్రెషన్ అంకెలు. వాటి మధ్య తేడా 10 శాతం లోపు ఉండాలి.
- లీక్‌డౌన్ పరీక్ష (సిలిండర్‌లోకి గాలి పట్టించి ఎంత కారుతోందో చూడడం). ఏ సిలిండర్ అయినా 10 శాతం మించి వదులుతుంటే ఆగి కారణం వెతకండి.
- వేడెక్కిన ఇంజన్‌లో, ఐడిల్‌లోనూ హైవే వేగంలోనూ ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పేవి). 5 శాతం అటూ ఇటూ ఉంటే మంచిది.
- కంప్యూటర్‌లో మిగిలి ఉన్న లోపాల కోడ్‌లు. ఒక్కటి కూడా మిగలకూడదు.

ఇప్పుడే ట్యూన్ పరికరాన్ని ఓబీడీ పోర్టుకు (కారు కంప్యూటర్‌ను తనిఖీ చేసే సాకెట్) తగిలించి ఫ్యాక్టరీ ఫైలును భద్రపరచుకోండి. చాలా కిట్లలో ఆ ఫైలును, వాహన గుర్తింపు సంఖ్యతో కలిపి ట్యూనర్‌కు (ఫైలు రాసే నిపుణుడికి) పంపితేనే కొత్త ఫైలు తయారవుతుంది. అది రావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. కారు విప్పి పెట్టుకుని ఫైలు కోసం ఎదురుచూసే పరిస్థితి తెచ్చుకోకండి.

4. పరికరాలు, చోటు, సమయం

మొదటిసారి చేసేవాళ్లు రెండు వారాంతాలు కేటాయించుకోండి. ఆ మధ్య రోజుల్లో ఆఫీసుకు వెళ్లడానికి వేరే బండి ఉండాలి. సోమవారం ఉదయానికి ఈ కారే కావాలి అనుకుంటూ ఆదివారం రాత్రి బిగించే బోల్టును నమ్మలేం.

కావాల్సినవి:

- రెండు టార్క్ రెంచ్‌లు: అంగుళ-పౌండ్లు చూపే చిన్నది, అడుగు-పౌండ్లు చూపే పెద్దది
- 7, 8, 10, 13, 15 మిల్లీమీటర్ల సాకెట్లు, పొడవాటి ఎక్స్‌టెన్షన్లు
- పెట్రోలు గొట్టాల క్లిప్పులు ఊడదీసే పరికరం
- జాకీ, నాలుగు జాక్ స్టాండ్లు
- చేతి పంపు, ఒత్తిడి గేజీ (ఇంటర్‌కూలర్ పరీక్షకు)
- ఫీలర్ గేజీ (సన్నని సందు కొలిచేది), అయస్కాంతపు కడ్డీ, బోర్‌స్కోప్ (లోపలికి దూర్చి చూసే సన్నని కెమెరా)
- పొగ పరీక్ష యంత్రం (విడిభాగాల దుకాణాల్లో చాలా పరికరాలు డిపాజిట్ కట్టి అరువు తెచ్చుకోవచ్చు)
- పెట్రోలు మంటలకు పనికొచ్చే అగ్నిమాపక సిలిండరు, చేతికి అందే దూరంలో
- నూలు పోగులు వదలని శుభ్రమైన గుడ్డలు, మాస్కింగ్ టేపు, జిప్‌లాక్ సంచులు, మార్కరు
- సూపర్‌చార్జర్‌ను దించడానికి ఇంజన్ హోయిస్టు, లేదా బలమైన మిత్రులిద్దరు

గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటర్ ఉందేమో చూడండి. దాని పైలట్ మంట నిరంతరం వెలుగుతూ ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువైనది, నేల వెంబడే పాకుతుంది. పెట్రోలు గొట్టం విప్పే ముందు ఆ హీటర్ గ్యాస్ కట్టేసి, గ్యారేజీ తలుపు తెరిచి ఉంచండి.

మరో సంగతి. చాలా కాలనీల సంఘాల నిబంధనల ప్రకారం డ్రైవ్‌వేలో బండి విప్పి పెట్టకూడదు. పని మొత్తం గ్యారేజీ లోపలే సాగేలా సర్దుకోండి.

5. విప్పడం

ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. ఈ వరుస మార్చకండి.

1. ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ స్టార్టు చేసి, దానంతట అది ఆగిపోయే దాకా నడవనివ్వండి. ఆ తర్వాత మరోసారి కొద్ది క్షణాలు క్రాంక్ చేయండి. గొట్టాల్లోని ఒత్తిడి దిగుతుంది.

2. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, తిరిగి తగలకుండా గుడ్డ చుట్టండి.

3. పైన అడ్డొచ్చే స్ట్రట్ బ్రేస్, ఇంజన్ కవరు, ఎయిర్ బాక్సు, ఇంటేక్ గొట్టం తీయండి. ప్రతి కనెక్టరుకు టేపు అంటించి పేరు రాయండి. తీసేముందు ఒక ఫోటో, తీశాక ఒక ఫోటో.

4. మానిఫోల్డ్ విప్పకముందే దాని చుట్టూ వాక్యూమ్ క్లీనర్ పెట్టండి. ఇంజన్ లోయలో (రెండు సిలిండర్ వరుసల మధ్య పల్లంలో) పేరుకున్న ఇసుక, ఎండుటాకులు మానిఫోల్డ్ ఎత్తగానే పోర్టుల్లోకి జారుతాయి.

5. పెట్రోలు గొట్టం, బ్రేకు వాక్యూమ్ గొట్టం, క్రాంక్‌కేస్ ఆవిరి గొట్టాలు, ఈవాప్ గొట్టం (ట్యాంకులోని పెట్రోలు ఆవిరిది) విడదీయండి. మానిఫోల్డ్ బోల్టులు అంచుల నుంచి మధ్యకు కొద్దికొద్దిగా వదులు చేసి, ఫ్యూయల్ రైల్‌తో (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) సహా ఎత్తండి.

6. ఎత్తిన మరుక్షణం ఎనిమిది పోర్టుల మీదా గుడ్డలు పరిచి టేపు వేయండి.

ఆ ఆరో అంశం గురించి రెండు మాటలు. మా మిత్రుడి కారు విప్పుతుండగా 8 మిల్లీమీటర్ల బోల్టు ఒకటి వేళ్ల మధ్య నుంచి జారింది. హెడ్డు మీద టంగుమని మోగి, దొర్లుకుంటూ మూడో సిలిండర్ వైపు వెళ్లింది. పోర్టు మీద గుడ్డ ఉండబట్టి దాని మడతలో ఆగింది. లేకపోతే తెరిచి ఉన్న వాల్వు పక్కగా సిలిండర్‌లోకి పోయేది, హెడ్డు విప్పాల్సి వచ్చేది. ఒకవేళ ఏదైనా లోపల పడిందన్న అనుమానం ఆవగింజంత ఉన్నా క్రాంక్ తిప్పకండి. బోర్‌స్కోప్‌తో చూసి, అయస్కాంతంతో తీశాకే ముందుకు వెళ్లండి.

2015 నుంచి ఈ మానిఫోల్డ్‌లో గాలి సుడి తిప్పే రెక్కలు చేరాయి. కొత్త అమరికలో వాటికి చోటు లేదు. వాటి కనెక్టర్లు ఖాళీగా మిగులుతాయి. తడి తగలకుండా మూతి కట్టి హార్నెస్‌కు కట్టేయండి. ఆ కోడ్‌లను ట్యూన్ ఫైలే ఆపేస్తుంది.

6. ఇంటర్‌కూలర్‌ను బల్ల మీదే పరీక్షించండి

కిట్ పుస్తకాల్లో ఇది అన్నిసార్లూ కనిపించదు. నా లెక్కలో మొత్తం పనిలో ఇదే అన్నింటికన్నా విలువైన అరగంట.

ఇంటర్‌కూలర్ కోర్ సూపర్‌చార్జర్ పొట్టలో ఉంటుంది. అది కారితే నీరు నేల మీద కనిపించదు, నేరుగా సిలిండర్లలోకి పోతుంది. నీరు నొక్కుకుపోదు కనుక పిస్టన్ పైకి వచ్చినప్పుడు రాడ్డు వంగుతుంది. కాబట్టి ఇంజన్ మీద కూర్చోబెట్టకముందే ఒక నాళానికి మూత బిగించి, రెండో నాళానికి చేతి పంపు, గేజీ తగిలించి 15 పీఎస్ఐ పట్టించండి. ముప్పై నిమిషాలు చూడండి. ముల్లు కదలకూడదు.

నా కిట్‌లో ఇరవై నిమిషాలకు ముల్లు 12కు దిగింది. గుండె ఆగినంత పనైంది. సబ్బు నీళ్లు రాసి వెతికితే, బయటి ఫిట్టింగ్ దారాల దగ్గర ఆవగింజంత బుడగ ఒకటి మెల్లగా ఉబ్బి పగిలింది, మళ్లీ ఉబ్బింది. కోర్ బాగానే ఉంది. ఫిట్టింగ్ విప్పి, కొత్త సీలెంట్ పూసి బిగిస్తే నిలబడింది. అదే ఇంజన్ మీదకు ఎక్కాక బయటపడి ఉంటే మొత్తం మళ్లీ విప్పాల్సి వచ్చేది.

7. ప్లగ్గులు, ఇంజెక్టర్లు

ఫ్యాక్టరీ ప్లగ్గు గ్యాప్ సుమారు 1.3 మిల్లీమీటర్లు. బూస్టు కింద అంత దూరం నిప్పురవ్వ దూకలేదు, ఆరిపోతుంది. ఒక మెట్టు చల్లటి (వేడిని త్వరగా వదిలే) ప్లగ్గులు తీసుకుని గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య పెట్టండి. కిట్ పుస్తకం వేరే అంకె చెబితే అదే ప్రమాణం. ఇరిడియం ప్లగ్గు అయితే మధ్య ఎలక్ట్రోడ్‌ను గేజీతో నొక్కకండి, సన్నని మొన విరుగుతుంది. పక్క పట్టీని మాత్రమే వంచాలి.

ఇంజెక్టర్ల ఓ-రింగులకు శుభ్రమైన ఇంజన్ నూనె చుక్క రాసి, మెలితిప్పకుండా నిటారుగా నొక్కండి. ఓ-రింగు అంచు కోసుకుపోతే పెట్రోలు వేడి ఇంజన్ మీద చిమ్ముతుంది.

8. సూపర్‌చార్జర్‌ను దించడం

ఇంజన్ లోయలోకి టార్చి వేసి చూడండి. అక్కడ నాక్ సెన్సర్లు రెండు ఉంటాయి. వాటి కనెక్టర్లు గట్టిగా కూర్చున్నాయా, తీగలు మానిఫోల్డ్ అంచు కిందకు వస్తున్నాయా అన్నది కళ్లలో వత్తులు వేసుకుని చూడాలి. నా కారులో ఒక తీగ సూపర్‌చార్జర్ కింద నలిగింది. పైకి అంతా అందంగా కనిపించింది. స్టార్టు చేశాక పి0330 కోడ్ వచ్చింది, అంటే రెండో నాక్ సెన్సర్ సర్క్యూట్. ఆ తీగ కోసం మరో రోజంతా పెట్టి మొత్తం ఎత్తాల్సి వచ్చింది. నాక్ సెన్సర్ పని చేయకుండా బూస్టులో నడపడం ఇంజన్‌ను పణంగా పెట్టడమే.

వరుస ఇది:

1. పోర్టుల గుడ్డలు ఒక్కొక్కటే తీస్తూ లెక్కపెట్టండి. ఎనిమిది పెట్టారు, ఎనిమిదీ చేతికి రావాలి.
2. హెడ్డు ఉపరితలాన్ని గుడ్డతో తుడవండి. రాపిడి ప్యాడ్ వాడకండి, ఆ పొడి బేరింగుల దాకా పోతుంది.
3. కొత్త గ్యాస్కెట్లు గాడిలో పూర్తిగా కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూడండి.
4. హోయిస్టుతో నెమ్మదిగా దించండి. ఒకరు పట్టుకుంటే మరొకరు నాలుగు వైపులా తీగలు చూడాలి.
5. బోల్టులన్నీ చేత్తో ఎక్కించాకే రెంచ్ పట్టండి. మధ్య నుంచి అంచులకు, రెండు విడతలుగా బిగించండి. ఫ్యాక్టరీ మానిఫోల్డ్ బోల్టుల విలువ 10 న్యూటన్ మీటర్లు, అంటే 89 అంగుళ-పౌండ్లు. కిట్ బోల్టులకు కిట్ విలువే వాడండి. హెడ్లు అల్యూమినియంవి. మరో పావు చుట్టు అనుకున్నప్పుడే దారాలు పోతాయి.

9. బెల్టు, నీటి వలయం, గొట్టాలు

బెల్టు దారి కిట్ పటం ప్రకారమే వేయండి. ప్రతి పుల్లీ మీదా బెల్టు లోపలి పొడవాటి గట్లు గాడుల్లో కూర్చున్నాయా అని వేలితో తడమండి. స్టీలు స్కేలు పెట్టి క్రాంక్ పుల్లీ, సూపర్‌చార్జర్ పుల్లీ ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడండి. కాస్త తేడా ఉన్నా కొద్ది రోజుల్లోనే బెల్టు అంచు పీచులు లేస్తుంది.

నీటి వలయానికి ముందు బంపరు విప్పి చిన్న రేడియేటర్‌ను ఏసీ కండెన్సరు ముందు బిగించాలి. పంపు కింద, నీటి తొట్టి పైన. పంపు కన్నా తొట్టి ఎత్తులో ఉంటేనే గాలి బయటకు పోతుంది. బంపరు తిరిగి పెట్టకముందే గొట్టాలు ఎక్కడైనా మడత పడ్డాయా, పదునైన అంచుకు రాసుకుంటున్నాయా చూడండి.

సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ నీరు కలిపి నింపండి. పంపును విడిగా నడిపి తొట్టిలో నీరు తిరుగుతోందో లేదో చూడండి. బుడగలు ఆగే దాకా అలాగే నడవనివ్వండి. పదిహేను నిమిషాలు పట్టినా ఫర్వాలేదు.

వాక్యూమ్ గొట్టాల్లో బైపాస్ వాల్వు గొట్టం మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టండి. మెల్లగా నడిపేటప్పుడు ఆ వాల్వు తెరుచుకుని గాలిని వెనక్కి తిప్పుతుంది, తొక్కినప్పుడు మూసుకుని బూస్టు ఇస్తుంది. ఆ గొట్టం తప్పు చోట తగిలితే బూస్టు రాదు, లేదా అస్తమానం ఉండి ఇంజన్ వేడెక్కుతుంది.

10. స్టార్టుకు ముందు తనిఖీ

- తీసిన ప్రతి బోల్టు సంచి ఖాళీ అయిందా?
- మిగిలిపోయిన కనెక్టర్లన్నీ కావాలని వదిలినవేనా?
- గ్యాస్కెట్లు, గుడ్డలు, పనిముట్లు ఇంజన్ బేలో ఏమైనా ఉన్నాయా?
- కొత్త నూనె, ఫిల్టరు వేశారా? ఇంజన్ కూలెంట్ నిండుగా ఉందా?
- ట్యాంకులో ట్యూన్‌కు తగిన పెట్రోలే ఉందా? పాత 87 మిగిలి ఉంటే ముందే ఖాళీ చేయాలి.

ఇప్పుడు బ్యాటరీ కలిపి, చార్జరు తగిలించి ట్యూన్ ఫైలు ఎక్కించండి. మధ్యలో వోల్టేజీ పడిపోతే కంప్యూటర్ పాడయ్యే ప్రమాదం ఉంది. కొత్త ఇంజెక్టర్లతో పాత ఫైలు మీద ఇంజన్ స్టార్టు చేయకండి.

ఫ్యూయల్ పంపు ఫ్యూజు పెట్టి, స్టార్టు చేయకుండా తాళం ఆన్, ఆఫ్ నాలుగైదు సార్లు తిప్పండి. ఒకరు అగ్నిమాపక సిలిండరు పట్టుకుని ఉండగా మరొకరు రైల్ చుట్టూ టార్చితో చూడాలి. తడి కనిపించినా, వాసన వచ్చినా అక్కడే ఆగండి.

11. తొలి స్టార్టు, తొలి లాగ్

స్టార్టయ్యాక ఐడిల్‌లోనే వేడెక్కనివ్వండి. లోపలి గాలి బయటకు పోయి ఇంజన్ కూలెంట్ మట్టం తగ్గుతోందా, బెల్టు సరిగా తిరుగుతోందా చూస్తూ ఉండండి. ఫ్యాను తిరిగాక ఆపి, పూర్తిగా చల్లార్చి, బోల్టులు, క్లిప్పులు మరోసారి చూడండి. ఇలా రెండుసార్లు చేయండి.

తర్వాత పరికరంతో లాగ్ రాస్తూ 50 కిలోమీటర్లు మామూలుగా నడపండి. సగం కన్నా ఎక్కువ తొక్కకండి. ఆ లాగ్ ట్యూనర్‌కు పంపి, ఆయన సరేనన్నాకే డైనో (కారును నిలిపి ఉంచి శక్తి కొలిచే యంత్రం) మీద గానీ ట్రాక్‌లో గానీ మూడో గేరులో పూర్తి తొక్కుడు పరీక్షించండి. పబ్లిక్ రోడ్డు అందుకు చోటు కాదు.

పూర్తి తొక్కుడులో నేను చూసేవి:

- గాలి, పెట్రోలు నిష్పత్తి: పెట్రోలుతో 11.5 నుంచి 11.8 మధ్య. 12 దాటి పలచబడితే వెంటనే కాలు తీయాలి.
- నాక్ కారణంగా తగ్గిన స్పార్క్: సున్నా దగ్గర ఉండాలి. తగ్గింపును కొన్ని పరికరాలు ధన సంఖ్యగా, కొన్ని రుణ సంఖ్యగా చూపుతాయి. మీ పరికరం ఏది చూపుతుందో ముందే తెలుసుకోండి.
- ఇంటర్‌కూలర్ దాటిన గాలి ఉష్ణోగ్రత: హైవే మీద బయటి కన్నా 10 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ మామూలే. 65 దాటితే పరీక్ష ఆపేసి చల్లారనివ్వండి.
- ఇంజెక్టర్ డ్యూటీ (అది తెరిచి ఉండే సమయం): 85 శాతం లోపు.
- రైల్‌లో పెట్రోలు ఒత్తిడి: తొక్కుతున్నంతసేపూ కుంగకుండా నిలవాలి.

12. లోపాలు, కారణాలు, పరిష్కారాలు

పి0171, పి0174 కలిసి వచ్చాయి. మిశ్రమం పలచబడిందని అర్థం. మొదటిది ప్యాసింజరు వైపు సిలిండర్ల వరుస, రెండోది డ్రైవరు వైపు. రెండూ కలిసి వస్తే రెండింటికీ ఉమ్మడి కారణం వెతకాలి. ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి వేగం పెరిగేకొద్దీ తగ్గితే గాలి లీకు. పొగ పరీక్ష పెడితే పది నిమిషాల్లో దొరుకుతుంది. ఎక్కువసార్లు బ్రేకు వాక్యూమ్ గొట్టం లేదా క్రాంక్‌కేస్ ఆవిరి గొట్టం దగ్గరే. దీనికి విరుద్ధంగా ఇంజన్ మీద భారం పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే పెట్రోలు చాలడం లేదు. అప్పుడు పంపు, ఫిల్టరు, ఇంజెక్టర్ల వైపు చూడండి, అది తేలే దాకా బూస్టులోకి వెళ్లకండి.

పి0102. గాలి కొలిచే సెన్సరు సంకేతం తక్కువ. తొంభై పాళ్లు కనెక్టరు మరిచిపోయి ఉంటారు, లేదా పొడిగించిన తీగ అతుకు వదులై ఉంటుంది.

బూస్టు మొదట బాగా వచ్చి, పై వేగాల్లో పడిపోతోంది. బెల్టు జారుతోంది. పుల్లీల చుట్టూ నల్లటి పొడి ఉంటుంది. అమరిక, టెన్షనర్ చూడండి. కూలెంట్ చుక్క పడిన బెల్టును తుడిచి వాడకండి, మార్చండి. బెల్టు మీద కొట్టే స్ప్రేలు కీచుమనే శబ్దం ఆపుతాయి గానీ జారుడు ఆపవు.

మొదటి నుంచే బూస్టు లేదు. బైపాస్ వాల్వు మూసుకోవడం లేదు. ఇంజన్ ఆపి ఆ చిన్న లివరును వేలితో కదపండి. బిగుసుకుని ఉందా, స్ప్రింగుతో తిరిగి వస్తోందా? తర్వాత వాక్యూమ్ గొట్టం చూడండి.

గాలి ఉష్ణోగ్రత తొందరగా ఎక్కి, దిగడం లేదు. తొట్టి మూత తీసి నీరు తిరుగుతోందో లేదో చూడండి. తిరగకపోతే పంపు ఫ్యూజు, రిలే. తిరుగుతున్నా వేడి తగ్గకపోతే చిన్న రేడియేటర్‌కు వెళ్లే గొట్టం, వచ్చే గొట్టం రెండూ పట్టుకుని చూడండి. ఒకటి మరిగిపోతూ మరొకటి చల్లగా ఉంటే గాలి ఇరుక్కుంది. కారు ముందు భాగం ఎత్తి మళ్లీ గాలి తీయండి. ఆగస్టు మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఉష్ణోగ్రత పెరగడం మాత్రం లోపం కాదు.

తొక్కినప్పుడు కుదుపు, పి0301 నుంచి పి0308 వరకు కోడ్‌లు. చివరి అంకె సిలిండర్ సంఖ్య. ప్యాసింజరు వైపు ముందు నుంచి వెనక్కి 1 నుంచి 4, డ్రైవరు వైపు 5 నుంచి 8. ముందు గ్యాప్ కొలవండి. సరిగానే ఉంటే ఆ కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చండి. కోడ్ కాయిల్ వెంట వెళితే కాయిల్ పోయింది, కదలకపోతే ప్లగ్గు లేదా ఇంజెక్టర్.

నాక్ మెల్లగా మొదలై వారాల్లో పెరుగుతోంది. పెట్రోలు మారిందా అని చూసుకున్నాక, బైపాస్ దగ్గర గొట్టం విప్పి లోపల వేలు పెట్టండి. నూనె జిడ్డు ఎక్కువగా ఉంటే క్రాంక్‌కేస్ ఆవిరితో వచ్చిన నూనె ఇంటర్‌కూలర్‌ను పూస్తోంది, ఆక్టేన్‌నూ తగ్గిస్తోంది. నూనె వేరుచేసే డబ్బా బిగించి, వారానికోసారి ఖాళీ చేయండి.

ఇంటర్‌కూలర్ తొట్టిలో నీరు తగ్గుతోంది, నేల మీద తడి లేదు. కారు స్టార్టు చేయకండి, క్రాంక్ కూడా చేయకండి. ఎనిమిది ప్లగ్గులూ తీసి బోర్‌స్కోప్‌తో చూడండి. ఏ సిలిండర్‌లోనైనా నీరు కనిపిస్తే ప్లగ్గులు లేకుండానే చేత్తో క్రాంక్ తిప్పి బయటకు రప్పించాలి. ఆ తర్వాత ఆరో భాగంలో చెప్పిన ఒత్తిడి పరీక్ష మళ్లీ పెట్టి కోర్ సంగతి తేల్చండి.

డీలరు దగ్గర సర్వీసు అయ్యాక కారు వింతగా నడుస్తోంది. ఇంజన్ కంప్యూటర్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఉంటారు, దానితో మీ ట్యూన్ చెరిగిపోయి ఉంటుంది. అక్కడి నుంచి నడిపి ఇంటికి తేవద్దు, ట్యూన్ పరికరం తీసుకుని మీరే అక్కడికి వెళ్లండి. ఇకపై కారు అప్పగించేటప్పుడు "ఇంజన్ కంప్యూటర్‌ను అప్‌డేట్ చేయవద్దు" అని కాగితం మీద రాసి స్టీరింగ్‌కు అంటించండి. నేను ప్రతిసారీ అదే చేస్తాను.